సప్పుడును గింజలు చేసే పని

కరీంనగర్‌ల నా స్టూడియో తాళాలు వేరేవాళ్ల చేతుల పెట్టి ఇంట్ల కూసున్నప్పటి సంది, రికార్డింగు పని నేర్సుకుంటమనేటోళ్లు సీదా ఇంటికే వస్తున్నరు. రానీ, మంచిదే. చాయ్ తాగుతరు, నాకూ పొద్దు పోతది. గని కూసోంగనే అడిగేది ఒక్కటే మాట. సార్, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలె, ఏ మైకు కొనాలె? వంట నేర్సుకోను వచ్చినోడు గిన్నెల దుకాణం ఎక్కడుందని అడిగినట్టుంటది. అందుకే గీ నాలుగు ముక్కలు రాస్తున్న. ఎవరు శాలువా కప్పిన్రు, ఎవరితోని ఫోటో దిగిన అనేవి దీంట్ల ఉండయి. పని అంటే ఏందో, నాకు అర్థమైనంత వరకు చెప్త.

ముందుగాల్నే ఒక మాట. నేను పెద్ద సదువు సదువుకున్నోణ్ని కాదు, గొప్ప ఇంజినీర్ని అంతకన్నా కాదు. నచ్చిన పని చేసుకుంట బతికిన. గంత అదృష్టం మా తోటోళ్లల శానమందికి దొరకలే. గందుకే ఎవలన్న మీ ఫీల్డుల ఏమున్నది సార్ అని మూతి ముడిస్తే నాకు కోపమొస్తది.

అన్వర్ భాయ్ బ్లేడు

కేసెట్ల జమానల నేను పనికి కుదిరింది అన్వర్ భాయ్ దగ్గర. స్టూడియో అని బోర్డు ఉండె గని, లోపలికి పోతే గోడలకు బొంతలు, కిటికీలకు గోనెసంచులు. ఎండకాలం లోపల కూసుంటే మనిషి ఉడికిపోతుండె. జానపదాలు, భజనలు, ఎలక్షన్ల పాటలు, ఏదొస్తే అది రికార్డు చేసేది.

భాయ్‌కి కోపం ముక్కు మీదనే ఉండేది. పాడేటోళ్లను మస్తు సతాయించేటోడు. పాడంగ పాడంగ వాళ్ల గొంతు కూసుండి పోయినంక, మొదటిసారి పాడిందే బాగుందని అనేటోడు. గది నాకు అప్పుడూ నచ్చలే, ఇప్పుడూ నచ్చదు. పాడేటోళ్లను భయపెట్టి మంచి పాట తీస్తమనుకునేటోళ్లకు పాట గురించి ఏం తెల్వదు. గని ఆయన చెవుకు మాత్రం దండం పెట్టాలె. పాట నడుమ ఎవలన్న దగ్గితే, టేపుల ఆ దగ్గు ఎక్కడుందో చేతితోని జరుపుకుంట జరుపుకుంట పట్టేటోడు. తర్వాత గడ్డం గీసుకునే బ్లేడుతోని ఆ ముక్క కోసి, రెండు కొసలు అతికిచ్చేటోడు. ఇంటే అక్కడ అతుకున్నదని దేవునికి కూడ తెల్వకపోతుండె.

నేను మొదటిసారి కోసినప్పుడు టేపును నిలువుగ కోసిన. అతికిచ్చి ఇంటే అక్కడ 'టక్'మన్నది. భాయ్ నా చేతులకెల్లి బ్లేడు గుంజుకొని, ఏటవాలుగ కోసి చూపిచ్చిండు.

"సప్పుడుకు అంచు ఉండొద్దురా. అంచుంటే చెవును కోస్తది" అన్నడు.

నా మొత్తం సర్వీసుల నేను నేర్సుకున్నదాంట్ల సగం గీ మాటలనే ఉన్నది. కంప్యూటర్లు వచ్చినంక భాయ్ వాటిని టైపు మిషన్లని ఎక్కిరిచ్చేటోడు. స్టూడియో నాకు అప్పజెప్పి పోయేటప్పుడు కూడ ఆ బ్లేడు డబ్బా నా చేతుల పెట్టి పోయిండు. నేను ఒద్దనలే.

గింజలంటే ఏంది

ఇప్పుడు పిల్లలు గ్రాన్యులర్ సింథసిస్ అంటరు. పేరు ఇంటే జ్వరమొస్తది గని పని తేలిక. ఒక సప్పుడు తీసుకోవాలె, గంట సప్పుడే అనుకోండ్రి. దాన్ని సన్నగ, శానా సన్నగ ముక్కలు చెయ్యాలె. ఒక్క ముక్కను తీసి ఇంటే అది గంటనో, గొంతో, గాజుల సప్పుడో చెప్పలేనంత సన్నగ. గా ముక్కనే గింజ అంటరు. ప్రతి గింజకు రెండు దిక్కుల అంచు అరగదీస్తరు. గదే, అన్వర్ భాయ్ ఏటవాలు కోత. కంప్యూటర్‌కు బ్లేడు అక్కరలేదు, గంతే తేడా.

ఇగ ఆ గింజల్ని మల్ల పోసుడు మన ఇష్టం. దగ్గర దగ్గర పోస్తే సప్పుడు ఎంతసేపన్న సాగుతది, శ్రుతి మారదు. ఎనకట టేపు మెల్లగ తిప్పితే ఆడమనిషి గొంతు మొగోని గొంతయ్యేది, గుర్తుందా? గా బాధ లేదు. దూరం దూరం పోస్తే పలచగైతది. కొన్ని ముందటియి, కొన్ని ఎనకటియి కలిపి పోస్తే ఎంతసేపు ఇన్నా ఒక్కలెక్క ఉండదు, కొత్తగనే ఉంటది. వీటికి పెద్ద పెద్ద పేర్లున్నయి, సాఫ్ట్‌వేర్ల చూస్తే మీకే కనవడ్తయి. పేర్ల ఫికర్ పెట్టుకోకుండ్రి.

హుస్నాబాద్ నుంచి ఒక భజన మండలోళ్లు వచ్చిన్రు. పాట మొదలైనకాడి సంది అయిపోయేదాక గుడి గంట మోగుతనే ఉండాలన్నరు. ఒక్క ముక్క తీసి మల్ల మల్ల పెడితే కుంటి ఎద్దు నడిసినట్టే ఉండె. గింజలు చేసి పోసిన. నూనె ధార తీరుగ సాగింది. వాళ్లల్ల ఒక ముసలాయన కండ్లు మూసుకొని మొత్తం ఇని, గింతసేపు గంట కొట్టినాయన చెయ్యి నొయ్యలేదా అని అడిగిండు. నేను నవ్వు ఆపుకొని, నొచ్చింది పెద్దయ్యా అన్న.

కొత్తల అందరికి ఉన్నట్టే నాకూ గీ పిచ్చి ఎక్కింది. ప్రతి పాటల గింజలే. గప్పుడు ఆసిఫాబాద్ నుంచి సుమన్‌బాయి అని ఒకామె జోలపాట పాడను వచ్చింది. ఆమె తెలుగుల మరాఠీ కలిసి ఇనసొంపుగ ఉంటది, పాడితే ఇంకింత బాగుంటది. ఆమె గొంతు ఎనక ఆమె గొంతునే గింజలు చేసి మబ్బు లెక్క పరిసిన. ఇనిపిస్తే ఆమె మర్యాదస్తురాలు, బాలేదనలే. మంచిగున్నది భావూ, గని పేలాలు నోట్లె పోసుకొని పాడినట్టున్నది, పిల్లలు నిద్రవోతరో లేస్తరో అన్నది. మొత్తం తీసేసిన. ఉట్టి గొంతే ఉంచిన. పనిముట్టు చేతుల ఉన్నదని వాడకుండ్రి, పాటకు అక్కరుంటేనే వాడుండ్రి. గిది నేను పుస్తకంల సదివింది కాదు, సుమన్‌బాయి చెప్పింది.

భూమేశం వచ్చినప్పుడు

ఇగ అసలు కథకు వస్త. గీ పని ఎందుకు చెయ్యాలని ఎవలన్న అడిగితే నేను చెప్పేది గిదే.

శ్రీకాంత్ అని పాటలు తీసి యూట్యూబుల పెట్టేటోడు ఒకడున్నడు. మంచోడే, గని ఎప్పుడూ ఉరుకులాటనే. ఒకనాడు భూమేశం అనే ఆయన్ని పట్టుకొచ్చిండు. చొప్పదండి దిక్కు ఒక ఊర్లె సాంచె నడిపే మనిషి. మా దిక్కు మరమగ్గాన్ని సాంచె అంటరు. ఆయన ఎంట భార్య రాజవ్వ కూడ వచ్చింది. ఆమె గదే కార్ఖానాల ఇంకో మూలకు కూసొని నూలు కండెలు చుడ్తది.

భూమేశం పాటలు కడ్తడు. సాంచెల నడుమ నిలవడి పాడుకుంట పని చేస్తడు. ఆ మోతల ఎవలిదీ ఎవలికి ఇనవడది కదా, తోటోళ్లు ఆయన పెదాలు జూసి పాటలు నేర్సుకున్నరట. ఒక మీటింగుల, డప్పుల నడుమ మైకు పట్టుకొని పాడుతుంటే శ్రీకాంత్ ఇన్నడు. పానం లేసొచ్చింది సార్ అని నాతోని అన్నడు.

ఆ పాట ఒక సాంచె కార్మికుని పాట. పొద్దంత సాంచెతోని కొట్లాడినోడు ఆఖరి చరణంల ఇంటికొచ్చి, వాకిట్ల నిలవడి, భార్యను మెల్లగ పిలుస్తడు. గంతే కథ. గని ఆ పిలుసుట్లనే పాటంత ఉన్నది.

మైకు రూములకు తోలి తలుపేసిన. భూమేశం నోరు తెరిసిండు, ఆగిండు. మల్ల ఎత్తుకున్నడు, మల్ల ఆగిండు. తాళం ముందుకొకపారి, ఎనకకొకపారి పోతున్నది. గొంతు చూస్తే ఎక్కడో తెగుతున్నది. మనిషి చెమటలతోని తడిసిపోయిండు. బయటికొచ్చి కుర్సీల కూలవడి, లోపల ఏం సప్పుడు లేదు సార్, నాకు భయమైతున్నది అన్నడు.

శ్రీకాంత్ నన్ను పక్కకు తీసుకపోయి, రేపు మాపటాల్ల వరకు కాకపోతే హైదరాబాద్‌ల ఒక సింగర్‌తోని పాడిపిస్త, పాట పాడైతే కాదు కదా అన్నడు. ఆయన లెక్క ఆయనది. తప్పనలేను. అయితే ఆ మాట రాజవ్వ ఇన్నది. ఆమె లేసి నా దగ్గరికొచ్చింది.

"సార్, గీయన చెవులు పోతున్నయి. డాక్టర్ చెప్పిండు, ఇంక శాన దినాలు ఇనవడదని. ఇన్నేండ్లు పాడిండు గని ఆయన గొంతు ఎట్లుంటదో ఆయనకు ఎర్క లేదు. ఒక్కపారి ఇనాలని వచ్చిండు. వేరేటోళ్లు పాడితే మాకెందుకు సార్ ఆ పాట?"

శ్రీకాంత్‌ను పిలిచి రేపటిదాక జర నోరు మూసుకొని కూసోమన్న.

సాంచె ఫోటో

ఆయనకు సప్పుడు కావాలె, గది తేలిపోయింది. నా దగ్గర సాంచె సప్పుడు ఒక ముక్క ఉండె, ఎప్పుడో ఒక నాటకం కోసం దాసుకున్నది. దాన్ని మల్ల మల్ల తిరిగేటట్టు పెట్టి, చెవులు మూసే హెడ్‌ఫోన్ల ఇనిపిచ్చిన. భూమేశం పాట ఎత్తుకున్నడు. నాకు సంబరమైంది. గని జరసేపటికే తల అడ్డంగ ఊపిండు. గిది సాంచె కాదు సార్, సాంచె ఫోటో అన్నడు.

ఆయన చెప్తే గని నాకు అర్థం కాలే. సాంచె ఒక్కతీరుగ కొట్టదు. కరెంటు కొంచెం తగ్గితే నడక బరువైతది. కండెల నూలు అయిపోవస్తే, ఆ కండెను మోసుకుంట అటూ ఇటూ ఉరికే నాడె తేలికై వేరే తీరుగ ఉరుకుతది. పక్క సాంచె ఒకపారి కలుస్తది, ఒకపారి ఎడమైతది. ఆ తేడాలను పట్టుకొనే ఆయన పాట నడుస్తది. నా ముక్కల తేడా లేదు, చచ్చిన సప్పుడు.

తెల్లారి పొద్దుగాల్నే రికార్డర్ పట్టుకొని వాళ్ల కార్ఖానాకు పోయిన. భూమేశం సాంచె పక్కనే, ఆయన తల ఎక్కడుంటదో అక్కడ మైకు పెట్టి మస్తుసేపు రికార్డు చేసిన. వచ్చేటప్పుడు నా చెవులల్ల ఈగలు మోగినట్టే ఉండె. గక్కడ ఒక్కపూట నిలవడ్డ నాకే గట్లుంటే, బతుకంత నిలవడ్డోని సంగతేందో నేను చెప్పేదేమున్నది.

స్టూడియోకొచ్చి దాన్ని గింజలు చేసిన. దెబ్బ దెబ్బ నడుమ కాలం ఆయన సాంచె నడకనే ఉంచిన. గని ఏ దెబ్బల ఏ గింజ పడాల్నో కంప్యూటర్‌ను కలగాపులగం చెయ్యమన్న. ఒక్క దెబ్బ ఇంకో దెబ్బ లెక్క లేదు. చెవులు నొవ్వకుంట సప్పుడు తక్కువనే పెట్టి భూమేశానికి ఇనిపిచ్చిన. ఆయన మొఖంల నవ్వొచ్చింది. తెలియకుంటనే ఆయన ఎడమ చెయ్యి లేసి, లేని సాంచె మీద ఆనింది.

పాడిండు. అబ్బ, ఏం పాడిండు! తాళం ఒక్క ఇసుమంత తప్పలే. శ్రీకాంత్ అయితే అయిపోయింది సార్, ప్యాకప్ అని లేసి నిలవడ్డడు.

సాంచె ఆగొద్దు

నాకు మాత్రం మనసున వట్టలే. తాళం కుదిరింది, గని గొంతు మొత్తం సాంచె మీదికెల్లి అరిసే గొంతే. మోతల ఉన్న మనిషి గొంతు పెంచుతడు, గది ఎవలికైన అంతే. మొదటి చరణాలకు గది సరిపోయింది. ఆఖరికి వాకిట్ల నిలవడి భార్యను పిలిసే కాడ కూడ గట్లనే అరిస్తే, గది పిలుసుడు కాదు, కొట్లాటకు పోయినట్టున్నది.

మెల్లగ పాడు అని చెప్పిన. పాపం, ఆయనకు అరుస్తున్నట్టే తెల్వదు. సరే అని, ఆఖరి చరణం కాడ సాంచె సప్పుడు తగ్గిచ్చుకుంట వచ్చిన. భూమేశం పాట నడుమనే ఆగిపోయిండు. కుడి చెయ్యి ఠపీమని పక్కకు పోయింది, సాంచె బందు చేసే పిడికి. పోగు తెగిందేమో, కరెంటు పోతున్నదేమో అనుకున్న సార్ అన్నడు. సప్పుడు తగ్గితే సాంచె ఆగుతున్నట్టే లెక్క. సాంచె ఆగితే పాట ఆగాలె. చేతులకు గదే అలవాటు. మల్ల చేసినం, మల్ల గట్లనే.

పొద్దు వంగుతున్నది. శ్రీకాంత్ ఫోను చేతుల పట్టుకొని గడపల నిలవడ్డడు. రాజవ్వ కొంగు అంచును చుట్టుకుంట, ఇప్పుకుంట కూసున్నది.

అప్పుడు తట్టింది నాకు. సప్పుడు తగ్గియ్యొద్దు, గింజలు తగ్గియ్యాలె. తగ్గిస్తే సాంచె దూరం పోతది, ఆయనకు ఎర్కైతది. గని గింజలు పలచగ చేస్తే సాంచె అక్కడనే, ఆయన పక్కనే ఉంటది. దెబ్బ అంతే గట్టిగ పడ్తది, నడుమ నడుమ సందులు మాత్రం పెరుగుతయి. గా సందులల్ల ఆయన గొంతు ఆయనకు ఇనవడ్తది.

భూమేశానికి సాఫ్‌సీదగ చెప్పిన. ఈపారి సప్పుడు మారుతది, ఎటు పోయినా నువ్వు ఆగకు, సాంచె ఆగలే అనుకో, నీ ఇంటికి నువ్వు నడుసుకుంట పో అన్న. తల ఊపిండు.

మొదటి చరణాలు నిండుగ మోగనిచ్చిన. ఆఖరి చరణం మొదలుకాంగ గింజలు తీసుకుంట వచ్చిన, ఏరుకుంటున్నట్టే, కొంచెం కొంచెం. ఎంత తీస్తే ఆయన గొంతు గంత దిగుతున్నది. నేను చెప్పలే, ఎవలు చెప్పలే, దాని అంతట అదే దిగుతున్నది. కుడి చెయ్యి ఒకపారి కదిలింది. ఆ చెయ్యి మల్ల మెల్లగ కిందికి పోయింది. వాకిట్ల నిలవడి పిలిసే మాట వచ్చేసరికి హెడ్‌ఫోన్ల ఒక్క గింజ లేదు. మొత్తం నిశ్శబ్దం. నిన్న ఆయన్ని భయపెట్టిన నిశ్శబ్దమే. దాంట్ల నిలవడి, పక్కనున్న మనిషితోని మాట్లాడినంత మెల్లగ పాడి ముగిచ్చిండు.

శానసేపటిదాక హెడ్‌ఫోన్ తియ్యలే. బయటికొచ్చి, సాంచె ఎప్పుడు బందైంది సార్ అని అడిగిండు. ఆఖరి చరణం సగంకాడికే అయిపోయింది అన్న.

"మరి నేను దేన్ని పట్టుకొని పాడిన?"

"నీ గొంతునే."

ఆయన గొంతు ఒక్కటే, ఇంకేం కలపకుంట స్పీకర్లల్ల పెట్టిన. ఆయనకు ఇనవడే తీరుగ జర ఎక్కువ పెట్టిన. భూమేశం స్పీకర్ దగ్గరికి కుర్సీ జరుపుకొని, ముందుకు వంగి, నోరు తెరుసుకొని ఇన్నడు. గిది నేనేనా అని ఒక్కపారి నా దిక్కు జూసిండు. నేను తల ఊపిన. నాకు ఏడుపొచ్చింది, దాసుకోలే.

పాట అయిపోయింది. రాజవ్వ ఇంక ఆయన దిక్కే జూస్తున్నది. తర్వాత దగ్గరికి పోయి, ఆయనకు ఇనవడేటట్టు చెవు కాడ మొఖం పెట్టి అన్నది:

"ఇంట్ల ఎప్పుడూ అరుసుడే నువ్వు. గింత మెత్తగ పిలుస్తవని నాకేమెర్క?"

భూమేశం ఆమె చెయ్యి పట్టుకొని పక్క కుర్సీల కూసోవెట్టిండు. హెడ్‌ఫోన్ లేదు, మైకు లేదు, సాంచె లేదు. వాకిట్ల నిలవడి పిలిసే ఆ చరణం ఆమెకు ఒక్కదానికే ఇనవడేటంత మెల్లగ మల్ల పాడిండు.

శ్రీకాంత్ రికార్డు చెయ్యుండ్రి సార్ అని సైగ చేసిండు. నేను లేసి మిషను బందు చేసిన.